గిరగిర తిరిగే ఎలుక - వినిపించని చెవి

ఎలుక అనగానే మనకు మొదట విఘ్నేశ్వరుడి వాహనం జ్ఞాపకం వస్తుంది. ఆ వెంటనే గాదెలో జొన్నలూ, పెట్టెలో పట్టుచీరె అంచూ జ్ఞాపకం వచ్చి, బోను ఎక్కడ పెట్టామా అని వెతుక్కుంటాం. అంతకు మించి ఆ ప్రాణితో మనకు మాటామంతీ లేదు. కాని పుట్టుచెవుడు ఎందుకు వస్తుంది, ఒకే తల్లి కడుపున ఒక బిడ్డకు వచ్చి మరొక బిడ్డకు ఎందుకు రాదు అనే ప్రశ్నలకు శాస్త్రజ్ఞులు ఈ నూరేళ్లలో సంపాదించిన జవాబుల్లో చాలా భాగం ఎలుక దగ్గర నేర్చుకున్నవే. ఈ సంగతి మిగతా ప్రపంచానికి ఎంత అవసరమో గాని, మేనమామ కూతురు ఇంట్లో వుండగా బయటి సంబంధం చూడడమేమిటి అనుకునే మన కర్నూలు, కడప జిల్లాల వారికి మాత్రం మరీ అవసరం.

నాట్యమాడే ఎలుక

చీనా, జపాను దేశాలలో పూర్వం ఒక జాతి చిట్టెలుకలను ముచ్చటకు పెంచుకునేవారు. అవి తిన్నగా నడవవు. తమ తోకను తామే పట్టుకోబోతున్నట్టు గిరగిర తిరుగుతాయి. తిరిగి తిరిగి కాసేపు ఆగి, మళ్లీ తిరుగుతాయి. వాటికి 'నాట్యమాడే ఎలుకలు' అని పేరు. పందొమ్మిదో శతాబ్దంలో అవి ఐరోపాకూ అమెరికాకూ చేరాయి. రాబర్టు యెర్క్స్ అనే అమెరికను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1907లో వాటి మీద ఒక పుస్తకమే రాశాడు. వాటి ఆట చూసి పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు ఎలుకకు వినిపించవు. ఎందుకంటే అది చెవిటిది. అది ఆడుతున్నది నాట్యమూ కాదు.

చెవిటిదానికి తిరుగుడెందుకు? ఈ సందేహం తీరాలంటే చెవి లోపలికి పోవాలి. మనం చెవి అని పిలిచే దొప్ప చెవిలో ముఖ్యభాగం కానే కాదు. కమ్మలకూ, బడిపంతులు మెలిపెట్టడానికీ తప్ప దానితో పని తక్కువ. అసలు చెవి కణత ఎముక లోపల దాగి వున్నది. అందులో ఒక పక్క నత్తగుల్ల లాగా చుట్టుకుపోయిన గొట్టం. శబ్దాన్ని పట్టేది అదే. మనిషికి అది రెండున్నర చుట్లు, ఎలుకకు రెండుకు కొంచెం తక్కువ. మరొక పక్క మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలు. తల ఎటు తిరిగింది, ఒళ్లు ఎటు ఒరిగింది అని చెప్పేవి ఇవి. రెండూ ఒకే సంచిలోంచి పెరిగినవి, రెండింట్లోనూ ఒకే రకమైన నీరు, ఒకే రకమైన కణాలు. కనుక ఒక్కొక్క పొరపాటుతో వినికిడీ పోతుంది, నిలకడా పోతుంది. పాపం ఎలుక ఏ దిక్కు ఏదో తెలియక గిరికీలు కొడుతుంది. పెంచేవాడికి దీనివల్ల ఒక లాభం: చెవి చెడ్డ ఎలుక ఏదో నూరు ఎలుకల బోనులోనైనా చూడగానే తెలుస్తుంది. చెవుడు మాత్రమే వుండి తిరగని ఎలుకను పట్టడానికి ఇంకో ఉపాయం వున్నది. బోను దగ్గర టక్కున చప్పుడు చేస్తే, వినబడే ఎలుక చెవి దొప్పను వెనక్కు విదిలిస్తుంది, వినబడనిది కదలదు.

ఆ కణాల సంగతి ఒక్కమాట చెప్పి ముందుకు పోదాం. మనిషి ఒక్కొక్క నత్తగుల్లలో సుమారు 15 వేల కణాలు వుంటాయి. ఒక్కొక్క కణం తల మీద మెట్లు మెట్లుగా పేర్చిన సన్నటి నూగు. శబ్దం వచ్చి లోపలి నీరు కదిలితే నూగు వంగుతుంది. వంగితే కణంలో విద్యుత్తు పుట్టి మెదడుకు కబురు పోతుంది. ఈ కణాలు పుట్టుకతో వచ్చినవే. కంటి చూపుకు అద్దాలు మార్చినట్టు వీటిని మార్చుకోలేము, పోయినవి మళ్లీ మొలవవు.

తల్లికి తెలియకముందే

ఎలుక గర్భం సుమారు ఇరవై రోజులు. ఎనిమిదో రోజు దాటిన తరువాత, పిండం తల పక్కన, మెదడు కాబోయే నాళానికి ఆనుకొని, చర్మం ఒకచోట చిన్న బిళ్లలాగా మందమవుతుంది. ఆ బిళ్ల గుంట పడుతుంది. గుంట మూసుకొని సంచి అవుతుంది. తొమ్మిదిన్నర రోజుల నాటికి సంచి సిద్ధం. తరువాత ఆ సంచి ఒక వైపు పొడుగై నత్తలాగా చుట్టుకుంటుంది, మరొక వైపు ఉబ్బి గొట్టాలవుతుంది. ఎలుక పిల్ల పుట్టినప్పుడు దానికి వినపడదు. పన్నెండు రోజులకు గాని చెవి తెరుచుకోదు. మనిషి బిడ్డకు ఈ పని చాలావరకు కడుపులోనే ముగుస్తుంది. బిళ్ల పడడం, సంచి కట్టడం గర్భంలో నాలుగో వారం నాటికే జరుగుతాయి. అంటే తల్లికి నెల తప్పిందన్న సంగతి తెలిసీ తెలియని రోజులన్నమాట! అయిదో నెలకు లోపలి చెవి పెద్దవారి చెవి అంత అవుతుంది.

ఈ పనినంతా చేయించే మేస్త్రీలు జన్యువులు. తల్లి నుంచి ఒకటీ తండ్రి నుంచి ఒకటీ చొప్పున జంటగా వచ్చే ఆజ్ఞాపత్రాలు అనుకోండి. ఏ పత్రం ఏ పని చేయిస్తున్నదో తెలుసుకోవాలంటే, ఆ పత్రం చిరిగిపోయిన ఎలుకను వెతికి, దాని చెవి ఎక్కడ ఆగిపోయిందో చూడాలి. యాభై ఏళ్ల పాటు జరిగిన పని అదే.

ఈ పనికి పెద్దపీట వేసిన చోటు లండను యూనివర్సిటీ కాలేజి. దానికి వెనక కథ వున్నది. జె.బి.ఎస్. హాల్డేను అనే ఆంగ్ల మేధావి కుర్రతనంలోనే చెల్లెలు నవోమీతో కలిసి ఇంట్లో ఎలుకలను పెంచి లెక్కలు వేశాడు. ఎలుకల్లో రెండు లక్షణాలు ఒకదాన్ని ఒకటి అంటిపెట్టుకొని వంశంలో దిగుతాయని వారు 1915లో ప్రకటించారు. ఆ వ్యాసంలో మరొక రచయిత స్ప్రంట్ అప్పటికే మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయాడు. హాల్డేను స్వయంగా కందకాల్లో వున్నాడు. 1933లో హిట్లరు జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన హన్స్ గ్రూనెబెర్గ్‌ను లండనుకు రప్పించుకున్న వారిలో హాల్డేను ముఖ్యుడు. గ్రూనెబెర్గ్ అక్కడ ఎలుకల అంగవైకల్యాల మీద ఒక సంప్రదాయమే నెలకొల్పాడు. అందులో చేరిన భారతీయుడు ఎం.ఎస్. డియోల్.

డియోల్ తిరుగుడు ఎలుకల చెవులను ఒకదాని తరువాత ఒకటి పలుచటి పొరలుగా కోసి, సూక్ష్మదర్శిని కింద జీవితమంతా చూశాడు. వాటిలో 'క్రైస్లర్' అనే జాతి వున్నది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీలో పావులా హెర్ట్‌విగ్ ఎక్స్ కిరణాల పరిశోధనల్లో కనిపెట్టింది దాన్ని. దాని లోపలి చెవి ఒక ఆకారం లేని తిత్తి. చూసిన వారెవరైనా చెవిని కట్టే జన్యువు చెడిందనే అంటారు. డియోల్ 1964లో అలా అనలేదు. చెవి సంచి పక్కన వున్న మెదడు నాళం ముందే వంకర పోయిందనీ, చెవి ఆ నాళానికి తగినంత దగ్గరగా లేదనీ, తప్పు చెవిది కాదు, పొరుగుదనీ వాదించాడు. ముప్పై ఏళ్ల తరువాత, 1994లో, ఆ జన్యువు దొరికింది. అది చెవి సంచిలో పని చెయ్యడమే లేదు. మెదడు నాళంలో, సరిగ్గా చెవి పక్కనున్న ముక్కలో పని చేస్తున్నది. కత్తీ, కన్నూ తప్ప మరే సాధనమూ లేకుండా ముప్పై ఏళ్ల ముందు సంగతి చెప్పిన డియోల్ పేరు మన పాఠ్యపుస్తకాలకు ఎక్కకపోవడం నాకు విచారంగా వున్నది.

అక్కడి నుంచి దారి వేగమయింది. 1995లో 'షేకర్ ఒకటి' అనే తలవణుకు ఎలుక చెవుడుకు కారణమైన జన్యువు దొరికింది. అదే ఏడు అదే జన్యువు మనుషుల్లోనూ చెడుతుందనీ, చెడితే పుట్టుచెవుడుతో పాటు పెరిగే వయస్సులో రేచీకటి వచ్చి చూపు కూడా క్రమంగా పోతుందనీ తేలింది. 1998లో 'షేకర్ రెండు' జన్యువు ఇండొనేషియాలోని బాలి ద్వీపంలో బెంగ్‌కాలా అనే పల్లె గుట్టు విప్పింది. ఆ పల్లెలో తరతరాలుగా చెవిటివారు ఎక్కువ. ఎంత ఎక్కువంటే చెవులున్న వారు కూడా చేతులతో మాట్లాడడం నేర్చుకున్నారు. ఇప్పటికి చెవుడు తెచ్చే జన్యువులు నూటికి పైగా తెలిశాయి.

ఇందులో ఒక చమత్కారం చెప్పాలి. రెండు వేరువేరు జాతుల చెవిటి ఎలుకలను జత కలిపితే పిల్లలన్నిటికీ చెవులు బ్రహ్మాండంగా వినబడతాయి! తండ్రి దగ్గర చిరిగిన పత్రం తల్లి దగ్గర బాగున్నది, తల్లి దగ్గర చిరిగినది తండ్రి దగ్గర బాగున్నది గనుక. ఒకే జాతి అయితే పిల్లలన్నీ చెవిటివే. మనుషుల్లో చెవిటి దంపతుల బిడ్డలకు ఒక ఇంట్లో అందరికీ వినబడి, మరొక ఇంట్లో ఎవరికీ వినబడకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

మేనరికం లెక్క

హాల్డేను 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చాడు. పౌరసత్వం తీసుకున్నాడు, పంచె కట్టాడు, 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో కన్నుమూశాడు. ఆయన దగ్గర చేరిన తెలుగు శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు. చెవి దొప్ప మీద దట్టంగా వెంట్రుకలు మొలిచే మగవాళ్ల వంశవృక్షాలు గీసి, ఈ లక్షణం తండ్రి నుంచి కొడుకుకే దిగుతుందని ఆయన 1960లో రాస్తే లోకమంతా ఆశ్చర్యంగా చదివింది. (2004లో జన్యుపరీక్షలు ఆ మాట నిలవదని తేల్చాయి. శాస్త్రంలో ఇది మామూలే.) అంతకంటె మనకు కావలసినది ఆయన పి. మీరాఖాన్‌తో కలిసి చేసిన పని. ఆంధ్రదేశపు ఆసుపత్రులలో రోగుల కుటుంబాలను అడిగి, ఎందరు మేనరికం చేసుకున్నారో, ఎందరు అక్క కూతురిని చేసుకున్నారో వారు లెక్క తీశారు. 1960 నుంచి వచ్చిన ఆ వ్యాసాల వల్ల ఆంధ్రుల పెళ్లిళ్లు ప్రపంచ జన్యుశాస్త్రంలోకి ఎక్కాయి.

మేనరికాన్ని ఎగతాళి చేయడం తేలిక. మన సీమలో దానికి కారణం లేకపోలేదు. వానను నమ్ముకున్న నేల, మూడెకరాలు ముక్కలైతే ఎవరికీ సంగటి దక్కని చోట, పిల్లతో పాటు పొలం కూడా ఇంట్లోనే వుండడం పెద్ద భరోసా. అత్త అంటే మేనత్తే గనుక కోడలికి కష్టం చెప్పుకోవడానికి మనిషి వుంటుంది. ఇచ్చిపుచ్చుకోవడాలు తక్కువ. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం వున్నచోట దీన్ని వొప్పుకున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కూడా ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగు పెళ్లిళ్లలో ఒకటి రక్తసంబంధీకుల మధ్య జరిగినదే.

"మా కాలంలో అందరివీ మేనరికాలే గదా నాయనా! అందరికీ చెవులు బాగానే వున్నాయి గదా!" అంటుంది ఏ జమ్మలమడుగు అవ్వో. అవ్వ మాట అబద్ధం కాదు. లెక్క చూడండి. ఒక తాతగారి దగ్గర చెవుడు పత్రం ఒకటి చిరిగినది, ఒకటి మంచిది వున్నదనుకుందాం. ఆయనకు చెవి బాగానే వినబడుతుంది. తన దగ్గర చిరిగిన పత్రం వున్నట్టు ఆయనకూ తెలియదు. అది కొడుక్కు చేరేది రెండింట ఒక పాలు, మనవడికి నాలుగింట ఒక పాలు. అలాగే కూతురి వైపు మనవరాలికి నాలుగింట ఒక పాలు. ఇద్దరికీ చేరేది పదహారింట ఒక పాలు. ఇద్దరికీ చేరి, వాళ్లు పెళ్లి చేసుకుంటే, రెండు చిరిగిన పత్రాలూ ఒకే బిడ్డకు పడేది మళ్లీ నాలుగింట ఒక పాలు. వెరసి అరవై నాలుగింట ఒకటి. అక్క కూతురిని చేసుకుంటే ముప్పైరెండింట ఒకటి. కనుక అరవై ముగ్గురు బాగానే పుడతారు, అవ్వ వాళ్లనే చూసింది. కాని ఒకసారి చెవిటి బిడ్డ పుట్టిన తరువాత లెక్క మారిపోతుంది. ఆ దంపతులిద్దరి దగ్గరా చిరిగిన పత్రం వున్నట్టు అప్పుడు తెలిసిపోయింది. ఇక ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక పాలు ప్రమాదం. "ఒకసారి అయింది, మళ్లీ కాదులే" అనేది అందుకే చెల్లదు. ఆ ఇంట్లో అన్న బిడ్డకూ చెల్లెలి బిడ్డకూ మళ్లీ మేనరికం కలపడం మరీ సాహసం.

ఇరవై నాలుగో పూస

మన దేశంలో పుట్టుచెవుడు తెచ్చే జన్యువుల్లో ముఖ్యమైన దాని సంగతి 1997లో బయటపడింది. అది తయారు చేసే మాంసకృత్తు పేరు కనెక్సిన్ 26. ఇది నత్తగుల్లలో పక్కపక్క కణాల మధ్య తూము లాంటిది. చెరువు ఎంత బాగున్నా తూము పూడిపోతే కింది మడి ఎండినట్టే, ఈ తూము లేకపోతే నూగు కణాలకు కావలసిన లవణాల రాకపోకలు ఆగిపోతాయి. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369లో వేయించి, మంచి చెరువు లక్షణాలు ఏకరువు పెట్టిన కడప జిల్లా వారికి ఈ పోలిక వివరించనక్కరలేదు.

కనెక్సిన్ 26 అనేది 226 పూసల దండ. మన దేశంలో ఎక్కువగా కనబడే పొరపాటు ఇరవై నాలుగో పూస దగ్గర వున్నది. జన్యువులో ఒక్క అక్షరం మారి, అక్కడ పూస గుచ్చమని చెప్పవలసిన చోట 'చాలు, ఆపు' అని పడుతుంది. ఇరవై మూడు పూసలతో దండ తెగిపోతుంది. బెంగుళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత విజ్ఞాన పరిశోధన కేంద్రం వారు 2003లో ప్రకటించిన పరిశోధనలో, ఈ పొరపాటు వేరువేరు కుటుంబాలలో వేరువేరుగా పుట్టినది కాదనీ, ఎప్పుడో ఒక పూర్వీకుడి దగ్గర పుట్టి పంచుకుంటూ వచ్చినదనీ తేలింది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర సంస్థ వారు పరీక్షించిన పిల్లల్లో కూడా ఇదే ముందు నిలిచింది.

ఇక్కడ ఒక చిక్కున్నది. "మేము మేనరికం చేసుకోలేదు, బయటి సంబంధమే" అనే వారు కూడా పూర్తిగా నిశ్చింతగా వుండడానికి లేదు. ఎంత దూరపు ఊరు వెళ్లినా మన పెళ్లి కులం దాటదు కదా! వెయ్యేళ్ల కింద కొద్ది కుటుంబాలతో మొదలైన కులంలో అందరూ దూరపు దాయాదులే. 2017లో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశీయులతో కలిసి దక్షిణాసియాలో 263 సముదాయాలను పరిశీలించి, వాటిలో 81 ఇటువంటివని చెప్పారు. ఉదాహరణకు మన వైశ్యులు. ఆపరేషనుకు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు వారిలో కొందరి ఒంట్లో విరగక, ఊపిరి తీసుకోలేక ఇబ్బంది పడతారని దక్షిణదేశపు మత్తు డాక్టర్లకు చాలాకాలంగా తెలుసు. దానికీ చెవికీ సంబంధం లేదు గాని, సూత్రం ఒకటే.

పుట్టుచెవుడంతా జన్యువుల వల్లనే అనుకోవద్దు. గర్భిణికి రుబెల్లా అనే పొంగు సోకినా రావచ్చు. 2017లో ఆంధ్రదేశపు పిల్లలకు వేసిన తట్టు-రుబెల్లా టీకా అందుకే. నెలలు నిండని కాన్పు, ముదిరిన పసికామెర్లు కూడా కారణాలు కావచ్చు. గ్రహణం నాడు తల్లి కత్తిపీట పట్టుకోవడం మాత్రం కారణం కాదు. చెవిటి బిడ్డ పుట్టిన ఇంట్లో మొదట మాట పడేది ఆ తల్లే. లెక్క ప్రకారం బిడ్డకు చిరిగిన పత్రాలు రెండు కావాలి, అందులో ఒకటి తండ్రి ఇచ్చినదే. ఈ ఒక్క ముక్క మన పల్లెల్లో రచ్చబండ దగ్గర చదివి వినిపిస్తే బాగుంటుందని నాకు అనిపిస్తుంది.

'మూగ' అనే మాట కూడా ఇటువంటిదే. చాలామంది పిల్లల్లో గొంతుకు ఏ లోపమూ వుండదు. వినబడలేదు గనుక మాట నేర్వలేదు, అంతే. మాట నేర్చే మెదడు మొదటి మూడు నాలుగేళ్లలో మెత్తగా వుంటుంది, తరువాత గట్టిపడుతుంది. అందుకే పుట్టిన నెలలోగా చెవి పరీక్ష, మూడు నెలలలోగా నిర్ధారణ, ఆరు నెలలలోగా చికిత్స అని వైద్యులు గడువులు పెట్టారు. పసిబిడ్డ నిద్రపోతుండగా చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే పరీక్ష కొద్ది నిమిషాల పని; నొప్పి లేదు. కర్నూలులో 1957 నుంచీ, కడపలో 2006 నుంచీ మెడికల్ కాలేజీలున్నాయి. సికిందరాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ శాఖ వున్నది. పూర్తిగా వినబడని పిల్లలకు నత్తగుల్లలోకి సన్నటి తీగ పంపి నరానికి నేరుగా విద్యుత్తు అందించే పరికరాన్ని, లక్షలు ఖరీదు చేసేదాన్ని, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద చిన్నపిల్లలకు ఉచితంగా అమర్చారు. పరికరం పెట్టగానే పిల్లవాడు మాట్లాడడు. తల్లి ఏళ్ల తరబడి కూర్చొని మాట నేర్పాలి. పరికరం కుదరని పిల్లలకు చేతిభాష వున్నది. అది బడిలో చక్కగా నేర్పితే ఏ చదువైనా చదువుతారు. 'తరువాత చూద్దాంలే' అని నాలుగేళ్లు దాటించడమే వీటన్నిటి కంటె చెరుపు.

చిరిగిన పత్రానికి మంచి నకలు పంపడం కూడా మొదలయింది. ఓటోఫెర్లిన్ అనే జన్యువు చెడిన ఎలుకలకు ముందు ప్రయత్నించి, తరువాత హాని చేయని వైరస్ మీద మంచి జన్యువు ఎక్కించి పిల్లల చెవిలోకి పంపారు. షాంఘైలో అలా చికిత్స చేసిన ఆరుగురు పిల్లల్లో అయిదుగురికి వినికిడి వచ్చిందని 2024 జనవరిలో ప్రకటించారు. కాని మన దేశంలో ఎక్కువగా చెడే కనెక్సిన్ సంగతి అంత సులువుగా లేదు. దానికి ఎలుకే అడ్డం పడింది. ఆ జన్యువు పూర్తిగా తీసివేసిన ఎలుక పిల్ల తల్లి కడుపులోనే, మాయలో చక్కెర అందక, చచ్చిపోతుంది. మనిషి బిడ్డ మాత్రం చెవుడు తప్ప మరే లోపమూ లేకుండా పుడుతుంది. అందువల్ల 2002లో ఒక్క చెవిలో మాత్రమే ఆ జన్యువు పోయేటట్టు ప్రత్యేకంగా ఎలుకలను తయారు చేయవలసి వచ్చింది. ఆ ఎలుకలు తిరగవు, తూలవు. వినబడనట్టు తెలియాలంటే పక్కన టక్కున చప్పుడు చేసి చూడవలసిందే. వాటి తరహా ఎలుకల మీద ఇప్పుడు ప్రయోగాలు జరుగుతున్నాయి.